కారు లేకుండా కొండ అడవికి: ఒంగోలు, నెల్లూరుల నుంచి ఏ దారి మేలు?

నెల్లూరులో ఉండే మా బావమరిది ఏటా డిసెంబరు నెలాఖరున ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతాడు. "బావా, పిల్లలకు సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. కొండలు, అడవి చూపించమని ప్రాణం తీస్తున్నారు. మనకు కారు లేదు. ఎటు పోదాం?" నాకూ కారు లేదు. ఒంగోలులో ఉంటాను. నల్లమల, వెలిగొండలు, శేషాచలం, ఈ మూడింటినీ పాతికేళ్లుగా బస్సుల్లో, రైళ్లలో, షేర్ ఆటోల్లో, ఒకసారి టమాటాల వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని చూసినవాణ్ణే. వాడికి ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఈసారి ఒకచోట రాస్తున్నాను.

కారు ఉన్నవాళ్లు ఫొటో చూసి చోటు ఎంచుకుంటారు. జలపాతం ఎంత ఎత్తు, లోయ ఎంత లోతు అని చూస్తారు. మనం ముందు చూడవలసింది అది కాదు. సాయంత్రం నాలుగు దాటాక అక్కడి నుంచి ఎలా బయటపడతాం? బయటపడలేకపోతే రాత్రికి తల దాచుకునే చోటు ఉందా? ఈ రెండింటిలో ఒక్కదానికైనా గట్టి జవాబు లేని చోటికి పిల్లలతో వెళ్లకూడదు. వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు ఎక్కించుకుంటారు. పొద్దుగూకాక అడవి అంచున నిలబడి చెయ్యెత్తితే లారీ కూడా ఆగదు.

అలాగని కారు లేదని దిగులు పడనక్కరలేదు. పులుల అభయారణ్యంలో సఫారీకి పెద్ద కారులో వచ్చినవాడైనా అది పక్కన పెట్టి అటవీ శాఖ జీపు ఎక్కవలసిందే. దారి మధ్యలో ఇష్టమైన చోట ఆపుకుని అడవిలోకి దిగడానికి వాళ్లకూ వీల్లేదు. కారు నిజంగా పనికొచ్చేది బస్సు దిగిన ఊరికీ అడవి గుమ్మానికీ మధ్య ఉండే చివరి 20, 30 కిలోమీటర్లకే. ఆ ముక్క ఏ దారిలో ఎంత ఉంది, దాన్ని ఎలా దాటాలి అన్నదే అసలు లెక్క.

పేర్ల సంగతి కూడా ఒకసారి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ పార్కులు మూడు: శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర, గోదావరి ఒడ్డున పాపికొండ, కడప జిల్లాలో చిన్నదైన రాజీవ్ గాంధీ పార్కు. నెల్లూరులోనూ ప్రకాశంలోనూ ఒక్కటీ లేదు. మనకు దగ్గరిది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. 1989లో ఏర్పడింది, విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. మన పడమటి దిక్కున ఉన్న నల్లమల పులుల అభయారణ్యం, వెలిగొండల్లోది పెనుశిల నరసింహ అభయారణ్యం. చూడబోయేవాళ్లకు ఈ తేడా కాగితం మీదిదే. ఆ మాటకొస్తే నల్లమలలోనే ఆంక్షలు ఎక్కువ.

డోర్నాల దారి: మొదటి బస్సు మనది కావాలి

ఒంగోలు వాళ్లు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా మార్కాపురం సుమారు 95 కిలోమీటర్లు. అక్కడి నుంచి డోర్నాల మరో 30. డోర్నాలలో అడవి మొదలైతే శ్రీశైలం దాకా 50 కిలోమీటర్లు విడవదు. ఊళ్లంటే చెంచు గూడేలే. రైలులో గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగి ఇదే దారి పట్టుకోవచ్చు.

ఈ దారికి ఒక గేటు ఉంది. రాత్రి 9 గంటలకు మూస్తారు, ఉదయం 6కు తీస్తారు. జంతువులు రోడ్డు దాటే వేళ వాహనాల కింద పడకుండా పెట్టిన నియమం ఇది. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన బస్సయినా ఆరు దాకా డోర్నాలలో ఆగవలసిందే. మహాశివరాత్రి వంటి రోజుల్లో సడలింపు ఇస్తారు.

ఈ గేటు విలువ నాకు తెలిసింది ఒక ఫిబ్రవరిలో. మా రెండు కుటుంబాలూ మధ్యాహ్నం ఒంగోలులో బయల్దేరాం. పొదిలిలో మా అత్తగారి చెల్లెలి ఇల్లు. పలకరించి వెళ్దామని దిగాం. ఆవిడ గోంగూర పప్పు, పూర్ణాలు చేసి పెట్టుకుని కూర్చుంది. తిని, పడుకుని, కాఫీ తాగి కదిలేసరికి సాయంత్రం ఆరు. డోర్నాలలో దిగేసరికి తొమ్మిదింపావు. గేటు పడిపోయింది. పిల్లలు నలుగురు, సంచులు ఏడు. బారులు తీరిన లారీల కింద చాపలు పరుచుకుని డ్రైవర్లు పడుకున్నారు. ఒక టీ కొట్టు యజమాని మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండానే రెండు బల్లలు దగ్గరకు జరిపి పిల్లలకు చోటు చేశాడు. చలికి మా అమ్మాయి నా పంచె కప్పుకుని పడుకుంది.

తీరా ఉదయం ఆరుకు గేటు లేచి, మొదటి బస్సులో ముందు వరుసలో కూర్చున్నాక, రాత్రి పడ్డ బాధంతా మరిచిపోయాం. మంచు ఇంకా రోడ్డు మీదే ఉంది. రెండో మలుపు దగ్గర దుప్పుల మంద, పదిహేను ఉంటాయేమో, రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్సు వైపు చూశాయి. డ్రైవరు హారను కొట్టలేదు. ఇంజను తగ్గించి ఆగాడు. చివరి పిల్ల దుప్పి దాటేదాకా బస్సులో ఒక్కరు మాట్లాడలేదు. ఆ తరువాత నెమళ్లు, కొండముచ్చులు, ఒక అడవి పంది కనిపించాయి. అదే దారిలో ఎన్నోసార్లు మధ్యాహ్నం బస్సులో వెళ్లాను. కోతులు తప్ప ఏమీ కనిపించలేదు.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. సాయంత్రానికి మార్కాపురం చేరి అక్కడే పడుకుంటాం. పలకల ఊరు, చెన్నకేశవస్వామి గుడి ఉంది, లాడ్జీలు ఉన్నాయి. తెల్లవారుజామున లేచి గేటు తెరిచే వేళకు డోర్నాల దాటే బస్సు పట్టుకుంటాం. ముందు రోజు సాయంత్రమే బస్టాండులో విచారణ గది దగ్గర ఆ బస్సు వేళ అడిగి పెట్టుకోవాలి. ఫోనులో చూసిన వేళలను మాత్రం నమ్ముకోవద్దు.

సఫారీ తుమ్మలబైలులో ఉంది, డోర్నాల-శ్రీశైలం రోడ్డు మీదే. ఇక్కడ రెండు దారులు. ఒకటి, పొద్దున్నే బస్సులో వెళ్తూ మధ్యలో దిగడం. కండక్టరుకు ఎక్కగానే చెప్పాలి. సామాను తక్కువ ఉంటేనే ఇది కుదురుతుంది. సఫారీ అయ్యాక తరువాతి బస్సు కోసం రోడ్డు పక్కన ఎంతసేపు నిలబడాలో చెప్పలేం. రెండోది, నేను మెచ్చేది: ముందు శ్రీశైలం వెళ్లి గదిలో సామాను పడేసి, అక్కడి నుంచి జీపో ఆటోనో రానుపోను మాట్లాడుకుని తుమ్మలబైలుకు రావడం. డబ్బు కొంత ఎక్కువైనా పిల్లలతో రోడ్డు మీద పడిగాపులు ఉండవు. సఫారీ జీపు మొత్తానికి తీసుకోవలసి వస్తే మన కుటుంబం ఒక్కటే ఎక్కేకన్నా మరో కుటుంబాన్ని కలుపుకోండి. అక్కడ నిలబడి నాలుగు మాటలు కలిపితే ఎవరో ఒకరు దొరుకుతారు.

పులి కోసం మాత్రం వెళ్లకండి. పులి ఉన్నమాట నిజం, మీకు కనిపించదన్న మాట కూడా దాదాపు నిజం. దుప్పి, కణితి, బెట్టుడుత, చెట్టు మొదట్లో ఎలుగుబంటి గోళ్ల గీతలు, ఇవి చాలు అనుకుని వెళ్లినవాళ్లే సంతోషంగా తిరిగివస్తారు. మా అబ్బాయికి అన్నిటికన్నా నచ్చింది పెద్ద చెద పుట్ట.

జులై నుంచి సెప్టెంబరు వరకు అభయారణ్యం లోపల సందర్శకులను రానివ్వరు. శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తేది సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆగస్టు అటూ ఇటూగా. నీళ్లు చూడాలంటే ఆ నెలల్లో వెళ్లండి, గదులు దొరకవని, రోడ్డంతా వాహనాలేనని తెలిసి వెళ్లండి. అడవి చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. రెండూ ఒక్క ప్రయాణంలో కావాలంటే కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలి కొండలు బోడిగా ఉంటాయి. నీటి గుంటల దగ్గర జంతువులు కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ, కానీ ఆ ఎండకు పిల్లలు తట్టుకోలేరు.

గది విషయంలో శ్రీశైలం మనలాంటివాళ్లకు పెన్నిధి. దేవస్థానం గదులు, సత్రాలు, పర్యాటక శాఖ హోటలు, అన్నదానం అన్నీ ఉన్నాయి. చివరి బస్సు పోతే ఏమిటన్న భయం ఇక్కడ లేదు. శని, ఆది, సోమవారాలు వదిలేసి మంగళ, బుధవారాల్లో వెళ్తే గది సులువుగా దొరుకుతుంది. గుడి దగ్గరి నుంచి శిఖరేశ్వరం, సాక్షి గణపతి, హాటకేశ్వరం, ఫాలధార పంచధారలకు ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. సముద్ర మట్టానికి 2,830 అడుగుల ఎత్తున ఉన్న శిఖరేశ్వరం దగ్గర నువ్వులు పోసి నంది బొమ్మను తిప్పుతూ దూరంగా గుడి శిఖరం వెతుక్కోవడం పిల్లలకు మంచి ఆట. కోతులకు కూడా. నువ్వుల పొట్లం చేతిలో కనిపిస్తే లాక్కుపోతాయి.

కారు లేనివాళ్లలో అసలైనవాళ్లు వేరే ఉన్నారు. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వచ్చే భక్తులు, శివరాత్రికి మనవాళ్లు, ఆత్మకూరు వైపు వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచి కైలాస ద్వారం దగ్గర కొండెక్కుతారు. ఆ రోజుల్లో దారి పొడవునా నీళ్లు, భోజనాలు, మందులు పెడతారు. మిగతా రోజుల్లో ఆ దారిన ఎవరినీ పోనివ్వరు. మోకాళ్లు గట్టిగా ఉండి, నల్లమలను నడిచి చూడాలన్న కోరిక ఉంటే శివరాత్రికి మించిన అవకాశం లేదు. పిల్లలతో వద్దు.

గిద్దలూరు దారి: రైలు కిటికీ, పచ్చర్ల గుడారం

ఇది చాలామందికి తట్టని దారి. గుంటూరు-నంద్యాల రైలు మార్గం కంభం, గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర నల్లమలలోకి దూరుతుంది. చలమ, బొగద, గాజులపల్లి మీదుగా అటువైపు తేలుతుంది. బొగద అంటేనే సొరంగం. ఊరికి కూడా ఆ పేరే నిలిచిపోయింది. టిక్కెట్టు వెల తప్ప మరో ఖర్చు లేకుండా పులుల అడవి మధ్య నుంచి వెళ్లవచ్చు. ఒక్కటే జాగ్రత్త: ఈ దారిన పోయే ఎక్స్‌ప్రెస్‌లలో చాలావరకు రాత్రి బళ్లు. చీకట్లో వెళ్తే కిటికీలో మన ముఖమే కనిపిస్తుంది. పగటిపూట నడిచే బండి ఏదో చూసుకుని దానికే ఎక్కాలి. ఒంగోలు నుంచి ఈ మార్గానికి నేరుగా రైలు లేదు కాబట్టి మార్కాపురం దాకా బస్సు తప్పదు. నడికుడి-శ్రీకాళహస్తి లైను పూర్తయితే దర్శి, పొదిలి, కనిగిరి వాళ్లకు రైలు కూత వినిపిస్తుంది. 309 కిలోమీటర్ల లైను. మా నాన్న దాని గురించి మాట్లాడేవారు, ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను.

గిద్దలూరు-నంద్యాల రోడ్డు మీద పచ్చర్ల దగ్గర అటవీ శాఖ జంగిల్ క్యాంపు ఉంది. కాటేజీలు, గుడారాలు, భోజనం, సఫారీ అన్నీ ఒకే చోట. మన లెక్కలో దీనికి ఉన్న గొప్ప గుణం, ఇది బస్సు తిరిగే పెద్ద రోడ్డు పక్కనే ఉండడం. చివరి ముక్క అంటూ లేదు. ఒంగోలు నుంచి నంద్యాల వెళ్లే బస్సు ఎక్కి పచ్చర్లలో ఆపుతారా అని ఎక్కేముందే అడగాలి. ఆపని బస్సయితే గిద్దలూరులో దిగి పల్లెవెలుగు పట్టుకోవాలి. గది ముందుగా ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోకుండా వెళ్లకండి, ఎందుకంటే అక్కడ ఇంకో హోటలు లేదు. చీకటి పడ్డాక రోడ్డు మీదికి షికారు కూడా వద్దు. చిరుతలు తిరిగే చోటు అది.

మర్నాడు నంద్యాల వెళ్లి, అక్కడి నుంచి 15, 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న మహానందిలో కోనేటి స్నానం చేసి రావచ్చు. నంద్యాల నుంచి బస్సులకు కొరత లేదు. కోనేటిలో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడిన నాణెం మీద బొమ్మో అంకో పైనుంచే చెప్పవచ్చు. వచ్చేటప్పుడో వెళ్లేటప్పుడో ఒక పూట ఉంటే కంభం చెరువు చూడండి. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు కట్ట వేసి రెండు కొండల సందును మూశారు. కట్ట మీద నిలబడితే చెరువా, సముద్రమా అనిపిస్తుంది.

శ్రీశైలంతో పోలిస్తే ఇక్కడ జనం లేరు, గోల లేదు. దానికి తగ్గట్టు సదుపాయాలూ తక్కువ. అమ్మానాన్నలను తీసుకువెళ్తే శ్రీశైలం, భార్యాభర్తలిద్దరో స్నేహితులో అయితే పచ్చర్ల. నేను ఒక్కణ్ణే వెళ్లాలంటే మరో ఆలోచన లేకుండా పచ్చర్లకే వెళ్తాను.

తిరుపతి దారి: నెల్లూరు వాళ్లకు కళ్ల ముందే ఉన్న పార్కు

నెల్లూరు వాళ్లు జాతీయ పార్కు ఎక్కడో ఉందనుకుంటారు. ఏడాదికి రెండుసార్లు దాని పక్క నుంచే వెళ్లి వస్తున్నామని గుర్తించరు. గూడూరు, వెంకటగిరి మీదుగా తిరుపతికి రైళ్లున్నాయి, నాయుడుపేట మీదుగా బస్సులున్నాయి. మూడు గంటల ప్రయాణం. ఒంగోలు నుంచి కూడా నేరుగా రైళ్లున్నాయి. తిరుపతి నుంచి కొండ మీదికి బస్సులు నిమిషాల మీద కదులుతాయి. కారు లేనివాడికి దేశంలో ఇంతకన్నా సులువైన కొండ ఇంకొకటి ఉంటుందా అని నాకు అనుమానం.

దర్శనం ఒక పూట, అడవి ఒక పూట అనుకుని వెళ్లండి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. అడవి చూడడానికైతే నా ఓటు శ్రీవారి మెట్టుకు. చిన్నది, జనం తక్కువ, పొద్దున్నే ఎక్కితే పక్షుల కూతలు వినవచ్చు. 2023లో అలిపిరి దారిలో చిరుత దాడులు జరిగాక పిల్లలతో నడిచేవాళ్లకు వేళల ఆంక్షలు పెట్టారు. పిల్లలుంటే ఉదయమే ఎక్కడం మొదలుపెట్టండి, చెయ్యి వదలకండి.

నడవలేనివాళ్లు బస్సు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచిన చోట కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా ఎర్రటి రాయి కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య గీత గీసినట్టున్న చోట కోట్లాది ఏళ్ల చరిత్ర మాయమైంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోయే గీత అది. మనం గోవింద నామాలు చెప్పుకుంటూ దాటిపోతాం. పైన శిలాతోరణం, పాపవినాశనం, ఆకాశగంగలకు ఆర్టీసీ బస్సులున్నాయి. నవంబరు, డిసెంబరు వానల్లో అయితే కింద కపిలతీర్థం దగ్గర కొండ మీది నుంచి నీళ్లు దూకుతుంటాయి. ఊళ్లోనే, సిటీ బస్సు దూరంలోనే.

ఇక తలకోన. పార్కులో అందరూ చూడాలనుకునేది ఇదే. 270 అడుగుల జలపాతం, రాష్ట్రంలోకెల్లా ఎత్తయినదని పేరు. తిరుపతి నుంచి 58 కిలోమీటర్లు. కారు లేనివాళ్లకు చిక్కు వచ్చేదీ ఇక్కడే. తిరుపతి నుంచి భాకరాపేట దాకా బస్సులు బాగానే దొరుకుతాయి. భాకరాపేట నుంచి ఎర్రావారిపాళెం, నెరబైలు మీదుగా తలకోన దాకా పోయే బస్సులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. టమాటాల వ్యాను కథ అక్కడిదే. చివరి బస్సు నాలుగున్నరకని ఎవరో అంటే విన్నాను, బస్సు నాలుగుకే పోయింది. ఆ డ్రైవరు ఎక్కించుకోకపోతే ఆ రాత్రి సిద్ధేశ్వరస్వామి గుడి మెట్ల మీదే.

కాబట్టి తలకోనకు బస్సులో వెళ్లి బస్సులో రావాలనుకోకండి. భాకరాపేటలో ఆటో మాట్లాడుకోండి. వెళ్లడానికి కాక, మూడు గంటలు ఉండి తిరిగి దింపడానికి కలిపి బేరం చేయండి. డబ్బు సగం ముందు, సగం దిగాక. పూర్తిగా ముందే ఇస్తే ఆటో ఉంటుందన్న భరోసా లేదు. నలుగురైదుగురు ఉంటే తిరుపతి నుంచే కారు ఒక రోజుకు తీసుకోవచ్చు. ఇంటి దగ్గర నుంచి అద్దె కారు తీసుకుంటే రానుపోను కిలోమీటర్లు, డ్రైవరు బత్తా, రాత్రి బస అన్నీ మన నెత్తినే పడతాయి. రైలులో తిరుపతి దాకా వెళ్లి అక్కడి నుంచి తీసుకుంటే ఆ ఒక్క రోజు ఖర్చుతో పోతుంది. రాత్రి ఉండాలనుకుంటే తలకోనలోనే పర్యాటక బసలు ఉన్నాయి, అవి ముందే ఖాయమైతే చివరి బస్సు గొడవే లేదు.

తలకోనలో జలపాతం కన్నా నాకు నచ్చింది దారిలో కనిపించే గిల్లతీగ. మనిషి నడుమంత లావున చెట్ల మీదుగా పాకి, ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు వంతెన కట్టినట్టు ఉంటుంది. కాయలు మూరకు పైగా పొడవు. ఎర్రచందనం, దేవాంగపిల్లి, బంగారు బల్లి ఈ కొండల సొత్తు అని పిల్లలకు చెప్పండి. చెట్టు తప్ప మిగతా రెండూ పగలు కనిపించవని కూడా చెప్పండి, లేకపోతే దారంతా అడుగుతూనే ఉంటారు.

పెంచలకోన: ఒక్క రోజే ఉందంటే

సెలవు ఒక్క రోజే దొరికిన నెల్లూరు వాళ్లకు వేరే ఆలోచన అక్కరలేదు. పొదలకూరు, రాపూరు మీదుగా సుమారు 75, 80 కిలోమీటర్లు. బస్సు గుడి దాకా వెళ్తుంది. వెలిగొండల ఒడిలో కోన, పెనుశిల లక్ష్మీనరసింహస్వామి, వెనక చెట్ల మధ్య ఏరు. స్వామి, చెంచులక్ష్మి పెనవేసుకున్న శిలగా వెలిశారని చెబుతారు. శనివారాల్లో బస్సులు ఎక్కువ, జనమూ ఎక్కువ. బస్సుల కోసం శనివారం వెళ్లాలా, ప్రశాంతత కోసం మరో రోజు వెళ్లాలా అన్నది మీ ఇష్టం. నేనైతే శనివారమే వెళ్లి, పొద్దున్నే దర్శనం ముగించుకుని ఏటి వైపు వెళ్తాను. మధ్యాహ్నం గుడి దగ్గర తొక్కిసలాట మొదలయ్యే వేళకు మనం నీళ్ల దగ్గర ఉంటాం. పైనున్న జలపాతానికి ఒంటరిగా వెళ్లకండి, రాళ్లు పాచి పట్టి ఉంటాయి. నీళ్లు చూడాలంటే ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, నవంబరు చివర నుంచి జనవరి దాకా. మేలో బ్రహ్మోత్సవాలకు వెళ్తే దేవుణ్ణి చూస్తారు, నీళ్లను కాదు.

భైరవకోన గురించి కూడా అడుగుతారు. చంద్రశేఖరపురం మండలంలో ఒకే కొండను తొలిచిన 8 గుహాలయాలు, పక్కనే జలపాతం. ఎంతో అందమైన చోటు. కారు లేకుండా మాత్రం వద్దంటాను. కనిగిరి, పామూరు వైపు నుంచి వెళ్లినా, ఉదయగిరి, సీతారాంపురం వైపు నుంచి వెళ్లినా చివరి ముక్క ఆటో దయ మీదే ఆధారపడి ఉంటుంది, రాత్రి ఉండే వసతీ అంతంతే. కార్తీక పౌర్ణమికి జనసందోహం ఉంటుంది కాబట్టి ఆ రోజు వెళ్లవచ్చు.

బండి మీద వెళ్దామనే కుర్రాళ్లకు ఒక్క మాట: డోర్నాలలోనే పెట్రోలు నింపుకోండి, సాయంత్రం నాలుగు తరువాత అడవిలోకి బయల్దేరకండి.

అన్ని దారులకూ పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. నగదు దగ్గర ఉంచుకోండి. డోర్నాల దాటాక ఫోనుకు సిగ్నల్ చాలాచోట్ల అందదు, ఫోనుతో డబ్బు చెల్లిద్దామంటే కుదరదు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను అడవిలో నిషేధించారు, స్టీలు సీసాలు పట్టుకెళ్లండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, ఆధార్ వంటి గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. మా ఇంట్లో ప్రయాణ ఖర్చు సగానికి దిగింది. తిరుమల కొండ మీదికి పోయే సప్తగిరి బస్సులకు అది వర్తించదు. శ్రీశైలం బస్సయితే డోర్నాల దాటాక టిక్కెట్టు తీసుకోవాలా అని ఎక్కేముందే కండక్టరును అడగండి.

మా బావమరిదికి నిరుడు ఒక్క రోజే దొరికింది, పెంచలకోన చెప్పాను. అంతకు ముందు ఏడు రెండు రోజులు, తిరుపతి పంపాను. ఈసారి మూడు రోజులున్నాయట. పిల్లలను తీసుకుని రైలులో ఒంగోలు రమ్మన్నాను, ఇక్కడి నుంచి అందరం కలిసి వెళ్దామని.

"మార్కాపురంలో రెండు గదులు చెప్పనా?" అని అడిగాను.

"చెప్పు బావా. పొదిలిలో మాత్రం దిగేది లేదు. పిన్నికి మనం వస్తున్నట్టు కూడా చెప్పొద్దు" అన్నాడు.